పిల్లల యొంటరి యాటలు

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ వేదికపై మాకంటె ముందు మాటలాడిన పెద్దలు నూలు ధరలను గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, వసతిగృహ నిధిని గూర్చియు ప్రసంగించిరి. అంతటి గంభీర విషయముల పిమ్మట పిల్లల యాటలను గూర్చి మాటలాడుటకు లేచుట కొందఱికి వింతగా తోచవచ్చును. ఉపన్యాస విషయమును తెలుపుడని కార్యదర్శిగారు కోరినపుడు మేము "ఆటలు" అని వ్రాసి పంపితిమి. పొరబాటున వ్రాసితిమేమోయని వారు మరల కబురంపిరి. పొరబాటు కాదు. వసతిగృహమును గూర్చి మేము చెప్పదలచిన మాట యీ యాటలలోనే యున్నది. సభవారు కొంచె మోపికతో నాలకింప వేడుచున్నాము.

మేము చెప్పబోవు నాటలు చెడుగుడు వంటివి కావు. ఎదుటి యాటకాడు కావలసిన పులిజూదమును చదరంగమును కావు. పాచికలపైనను గవ్వలపైనను ఆధారపడు పచ్చీసును వైకుంఠపాళియు కావు. ఒక్క పిల్లవాడో పిల్లయో కూర్చుండి, గెలువవలసిన శత్రువు లేక, అదృష్టముతో పనిలేక, తన యాలోచన చేతనే విడదీయవలసిన చిక్కులే మేము చెప్పు నొంటరి యాటలు. వీనిని నేటివారు పజిళ్లందురు. పేరేదైనను గుణ మొక్కటియే. అందు ఓడించువారు లేరు. చిక్కు విడకున్న నది తన యాలోచనలోని లోపమే. విడినయెడల నది తన యాలోచనకు దక్కిన ఫలమే.

ఇట్టి యాట మన యిండ్లకు క్రొత్తది కాదు. పులియు, మేకయు, గడ్డికట్టయు నేరు దాటించు చిక్కును మీలో ననేకులు అవ్వ యొడిలో వినియేయుందురు. పడవలో మనిషితోపాటు ఒక్కదానికి మాత్రమే చోటు. మనిషి లేనియెడల పులి మేకను తినును, మేక గడ్డిని తినును. మూటిని క్షేమముగా నావలియొడ్డు చేర్చుటెట్లు? ఐరోపా ఖండములోను ఈ చిక్కు పాతదియే. ఎనిమిదవ శతాబ్దివాడైన ఆల్క్యుయిన్ అను పండితుని పేర చెల్లుచున్న లెక్కల సంపుటములో నిది కలదు. అక్కడ పులికి బదులు తోడేలు, గడ్డికి బదులు కోసుకూర. ప్రాణులు మాఱినవి గాని చిక్కు మాఱలేదు.

దీనిని విడదీయుటకు పడవ ఏడుమాఱు లేరు దాటవలెను. మొదట మేకను దాటింపవలెనని పిల్లలు వెంటనే కనుగొందురు. అటుపిమ్మట పులిని గొనిపోయినను, గడ్డిని గొనిపోయినను ఆవలియొడ్డున మేకతో పేచీ వచ్చును. అక్కడనే పిల్లవాడు నిలిచిపోవును. ఏలయన, ఆవలికి చేర్చిన మేకను మరల నీవలికి తేవలెనను తలంపు వానికి రాదు. చేసిన పనిని చెఱుపుకొనుట యోటమియని వాడు భావించును. ఆ యొక్క వెనుకడుగు వేసినవానికి దారి తెఱచుకొనును. ముందునకు పోవు దారిలోనే వెనుకకు వచ్చు నడుగొకటి కలదని తెలియుటయే యీ చిక్కులోని సారము. ఈ మాటను మనసునం దుంచుకొనుడు. మా యుపన్యాసమంతయు దీనిమీదనే నడచును.

ఇప్పుడు మా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేము వసతిగృహపు పాలకవర్గములో నుంటిమి. అందొక బాలుడు ఇంటర్మీడియేటు పరీక్షలో ఒక్క గణితమున తప్పెను. తక్కిన వానిలో మంచి మార్కులే వచ్చినవి. మరల వ్రాయుటకు గడువును కలదు. కాని మేమందఱమును కూడి వానిని పిలిపించి, సంఘపు ధనము వ్యర్థమైనదనియు, దాతల ముఖమెట్లు చూతుమనియు మందలించితిమి. వాడు తలవంచుకొని వినెను. మఱునాటి యుదయమున పెట్టె తీసికొని యూరికి పోయెను, మరల రాలేదు. నేడు సూరత్తులో మరమగ్గములమీద పనిచేయుచున్నాడని వినుచున్నాము. మగ్గము పని హీనమని మేమనము. అది మన తాతల పని, మనల పోషించిన పని. కాని వాడు దానిని కోరి వరింపలేదు. ఒక్క తప్పు నుండి పాఱిపోయి అక్కడ తేలెను. తప్పిన లెక్కయొద్దకు మరల పోవచ్చునని వానికెవరు నేర్పిరి? మేము నేర్పలేదు. ర్యాంకులకు వెండి పతకములిచ్చితిమి గాని, తప్పి తిరిగి వ్రాసినవానిని ఒక్కనాడైనను వేదికమీదికి పిలువలేదు.

ఆ బాలుని తలంపే మమ్ముల నీ యాటలయొద్దకు తెచ్చినది.

నిరుడు వేసవి సెలవులకు ముందు మేము వడ్రంగిచే ఆరు చెక్కబల్లలు చేయించి వసతిగృహమున నుంచితిమి. ఒక్కొక్క బల్లపై ధన రేఖవలె, అనగా కూడిక గుర్తువలె, అమర్చిన 33 గుంటలు. నడిమి గుంట తప్ప తక్కిన 32 గుంటలలో గోళీలు. ఒక గోళీ తన ప్రక్క గోళీమీదుగా దాటి, ఆవల ఖాళీ గుంటలో పడవలెను. దాటబడిన గోళీని తీసివేయవలెను. అడ్డముగానో నిలువుగానో దాటవచ్చును గాని ఐమూలగా దాటరాదు. తుదకు ఒక్క గోళీ మిగులవలెను. అదియు నడిమి గుంటలో నుండవలెను. ఈ యాటను మన దేశపు అంగళ్లలో బ్రెయిన్‌వీటా యను పేర ప్లాస్టికు బల్లతో నమ్ముదురు. ఇంగ్లీషువారు సాలిటైరందురు. 1697లోనే ఫ్రాన్సు దేశపు మెర్క్యూర్ గలాంట్ అను పత్రికలో దీని వర్ణన వచ్చినది. అనగా మూడువందల యేండ్లకు పైబడిన యాట.

మొదటి సాయంకాలము జరిగినది చెప్పెదము. తరగతిలో నెల్లప్పుడును మొదటివాడుగా నుండు బాలుడు పది నిమిషము లాడి, ఆఱు గోళీలు మిగులగా బల్లను ప్రక్కకు త్రోసి, "దీని జవాబు ఎక్కడ ఉన్నదండీ?" అని యడిగెను. వానిని నిందింపరాదు. జవాబు పుస్తకపు చివర నుండుననియు, దానిని త్వరగా చేరినవాడే తెలివిగలవాడనియు మనమే కదా వానికి నేర్పితిమి! మఱియొక బాలుడు, ఎనిమిదవ తరగతివాడు, లెక్కలలో మందుడని పేరు పడినవాడు, భోజనపు గంట కొట్టువఱకు లేవలేదు. వానికి తొలుత ఏడు మిగిలినవి, పిమ్మట ఐదు, మరల ఏడు, తుదకు నాలుగు. మేము ప్రక్కనే యుంటిమి. వాని తప్పు మాకు కనబడుచుండెను. చేయి చాచి ఒక గోళీని జరిపితిమి. అంతే, ఆ పిల్లవాడు మా ముఖము చూచి, చేతులు వెనుకకు తీసికొని, "మీరు ఆడండి తాతగారూ" అనెను. ఆ క్షణమున ఆట వానిది కాక మాది యయ్యెను. ఒక్క గోళీ జరిపి మేము వానినుండి యేమి తీసికొంటిమో అప్పుడు మాకు తెలిసినది. క్షమింపుమని చెప్పి, గోళీలన్నియు మరల పేర్చి యిచ్చి, దూరముగా పోయి కూర్చుంటిమి.

మఱునాడు వాడొక క్రొత్త పని చేయుచుండెను. బల్లనిండ గోళీలు లేవు. నడుమ నొక్కటే యుంచి, చూచుచుండెను. ఏమిరాయని యడుగగా, "చివర ఇదొక్కటే మిగలాలి కదా. దీనికి ముందు రెండు ఎక్కడ ఉండాలో చూస్తున్నా" నని చెప్పెను. రెంటికి ముందు మూడు, మూటికి ముందు నాలుగు. వాడు ఆటను తుదినుండి మొదటికి నడుపుచుండెను.

సభవారలారా! లైబ్నిట్జు అను జర్మను పండితుని పేరు మీరు వినియుందురు. గణితశాస్త్రములో కలనగణితమును స్థాపించిన యిద్దఱిలో నొకడు. ఆయన 1716లో వ్రాసిన యొక లేఖలో ఈ గుంటల యాట తనకు ప్రీతియనియు, తాను దానిని తలక్రిందుగా, గోళీలను తీయుటకు మాఱుగా ఖాళీ గుంటలను నింపుచు నాడుదుననియు తెలిపెను. మన వసతిగృహపు బాలుడు లైబ్నిట్జును చదువలేదు. వానికెవరును చెప్పలేదు. తన నాలుగు గోళీల యోటమియే వానికా దారి చూపినది. మేము మొదటిరోజు చేయిపట్టి నడిపించియుండినచో వానికీ తలంపు వచ్చియుండెడిది కాదు.

ఈ యాటలో నెట్లాడినను 32 గోళీలు ఒక్కటి యగుటకు 31 దాట్లు కావలెను. ఒక్కొక్క దాటున ఒక్క గోళీయే పోవును గదా. అయితే ఒకే గోళీ వరుసగా వేయు దాట్లను ఒక్క యెత్తుగా లెక్కించినచో 18 ఎత్తులలో ముగింపవచ్చునని బెర్గొల్టు అను నతడు 1912లో చూపెను. అంతకంటె తక్కువలో సాధ్యము కాదని బీజ్లీ యను నతడు 1964లో రుజువు చేసెను. చేసి చూపుట యొకటి. ఇంతకంటె బాగుగా చేయుట సాధ్యము కాదని తెలిసికొనుట మఱియొకటి. రెంటికి నడుమ 52 ఏండ్లు గడచినవి. పిల్లల బొమ్మయని మనము తలచుదానిలో నింత లోతు కలదు.

చిన్నపిల్లలకు 32 గోళీలు భారమగును. వారికి నడిమి నిలువు వరుసలో ఐదును, అడ్డు వరుసలో ఐదును, నడిమిది రెంటికి నుమ్మడిగా, వెరసి 9 గోళీలు మాత్రము పెట్టియిండు. ఎనిమిది దాట్లలో నడుమ నొక్కటి మిగులును. దారి మేము చెప్పము. నేటిరాత్రి మీరింట ప్రయత్నింపుడు. మీకే యది యేపాటి తేలికయో తెలిసినపిమ్మట పిల్లలమీద కోపము తగ్గును.

చిక్కులన్నియు విడునవియే యనుకొనరాదు. విడని చిక్కును గుర్తించుటయు విద్యయే. నాలుగు గడుల పొడవు, నాలుగు గడుల వెడల్పు గల పెట్టెలో 15 బిళ్లలు, ఒక ఖాళీ. బిళ్లలను జరుపుచు 1 మొదలు 15 వఱకు వరుసగా నిలుపవలెను. అమెరికాలో కెనస్టోటా యను నూరి పోస్టుమాస్టరు నోయిస్ చాప్మను దీనిని కల్పించెనని చరిత్రకారులు నిర్ణయించిరి. 1880లో ఇది అమెరికాను ఐరోపాను పిచ్చెక్కించినది. అన్ని బిళ్లలును సరిగా నుండి 14, 15 మాత్రము తారుమారుగా నున్నచో సరిదిద్దుటెట్లని జనులు నిద్రాహారములు మానిరి. తరువాత సామ్ లాయిడ్ అను చిక్కుల రచయిత ఆట తనదేయని చెప్పుకొని, దీనిని సరిదిద్దినవారికి 1000 డాలర్లు బహుమానమని చాటెను. ఆ బహుమాన మిచ్చు నవసరము కలుగలేదు. కారణమేమన, అది సాధ్యము కాదని జాన్సను, స్టోరీ యను నిరువురు గణితజ్ఞులు 1879లోనే రుజువు చేసియుండిరి. బిళ్లల యమరికలలో సరిగా సగము మాత్రమే వరుసకు రాగలవు. తక్కిన సగము ఎన్నియేండ్లు జరిపినను రావు.

దీనిని పిల్లలకు తప్పక చెప్పవలెను. తాను చేయలేకపోయినది తన లోపముచేతనా, లేక పెట్టినవాడు రాని చిక్కును పెట్టుటచేతనా యని విచారించు ధైర్యము వారికి కావలెను. ఆరు నెలలలో నేర్పవలసిన పాఠమును ఆరు వారములలో క్రుక్కి, రాలేదని పిల్లవానిని కొట్టు పెద్దలు 14, 15 తారుమారు చేసి యిచ్చిన పెట్టెవంటి పని చేయుచున్నారు.

మూడవ యాట హనోయి గోపురము. మూడు పుల్లలు, ఒకదానిమీద పెద్దది క్రింద, చిన్నది పైన నుండునట్లు బిళ్లలు. ఒకమాఱొక్క బిళ్లను మాత్రమే తీసి, చిన్నదానిపై పెద్దది పెట్టకుండ, అన్నిటిని మఱియొక పుల్లకు చేర్చవలెను. ఎడువార్ లూకా యను ఫ్రెంచి గణితజ్ఞుడు దీనిని 1883లో వెలువరించెను. దీనితోపాటు కాశీలో నొక దేవాలయమున వజ్రపు సూదులపై 64 బంగారు బిళ్లలు కలవనియు, అవి యన్నియు మాఱినపుడు లోకము ముగియుననియు నొక కథ ప్రచారమైనది. కాశికి పోయి వెదుకకుడు. అది యాటకు తగిలించిన కథయే. కాని లెక్క మాత్రము నిజము. 3 బిళ్లలకు 7 ఎత్తులు, 4 బిళ్లలకు 15, 5 బిళ్లలకు 31. బిళ్ల యొకటి పెరిగినపుడెల్ల రెట్టింపై, పైన నొకటి చేరును. 64 బిళ్లలను క్షణమునకు, అనగా సెకనునకు, ఒక్కటి చొప్పున జరిపినను సుమారు 58,000 కోట్ల యేండ్లకు పైగా పట్టును. ఐదు బిళ్లలు జరుపగలిగిన పిల్లకు ఆరు జరుపుట యెట్లో తెలియును: పైయైదింటిని ప్రక్కకు తీయుట, అడుగుదానిని జరుపుట, మరల ఐదింటిని దానిపై నెక్కించుట. పెద్దపనిని తాను చేయగల చిన్నపనిగా మార్చుకొనుటకు ఇంతకంటె తేటయైన పాఠము మాకు కనబడలేదు. దీనికి అంగడికి పోనక్కఱలేదు. పెద్ద చిన్న గిన్నెల మూతలు ఐదు చాలును.

నాలుగవదానికి పలకాబలపములు చాలును. నాసిక్కు చేరువనున్న దేవ్‌లాలీలో బడిపంతులుగా నుండిన కాప్రేకరు అను నాయన 1949లో కనుగొన్న వింత యిది. అంకెలన్నియు నొక్కటే కాని నాలుగంకెల సంఖ్య నేదేని తీసికొనుడు. ఆ యంకెలను పెద్దదినుండి చిన్నదిగా నొకమాఱును, చిన్నదినుండి పెద్దదిగా నొకమాఱును పేర్చి, పెద్ద సంఖ్యనుండి చిన్నదానిని తీసివేయుడు. వచ్చినదానిని మరల నట్లే చేయుడు. 3524 తీసికొన్నచో 5432 నుండి 2345 పోగా 3087. 8730 నుండి 0378 పోగా 8352. 8532 నుండి 2358 పోగా 6174. ఇక నెంత చేసినను 6174 మాఱదు. ఏ సంఖ్యతో మొదలిడినను ఏడు తీసివేతలకు మించకుండ 6174 వచ్చును. రానియెడల తీసివేతలో నెక్కడనో తప్పున్నదన్నమాట. చూచితిరా! తప్పున్నదని చెప్పుటకు పంతులు కావలసిన పనిలేదు, ఆటయే చెప్పును. బెత్తము లేదు, పరిహాసము లేదు. పిల్లవాడు తన తప్పును తానే వెదకికొని, తానే తుడిచి, తానే దిద్దుకొనును.

ఇదియే మా యుపన్యాసపు ముఖ్యాంశము. ఒంటరి యాటలో పిల్లవాడు నూఱుమాఱులు తప్పును. ఆ నూఱింటిలో నొక్కటియు నితరులు చూడరు. ఎవరును చూడని తప్పు సిగ్గు పుట్టింపదు. సిగ్గులేని తప్పు బుద్ధిని పెంచును. సిగ్గుతో కూడిన తప్పు మనిషిని సూరత్తునకు తఱుమును.

దీనికి సభవారు చెప్పదగిన యాక్షేపణలు మాకు తెలియకపోలేదు.

ఈ యాటలచే మార్కులు పెరుగునా యని మొదటి ప్రశ్న. పెరుగునని మేము వాగ్దానము చేయము. షికాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2012లో ప్రకటించిన వ్యాసమున, రెండు మొదలు నాలుగేండ్ల ప్రాయమున బొమ్మముక్కలు కూర్చు నాట లాడిన పిల్లలు తరువాత ఆకారములను మనసున త్రిప్పి పోల్చు పరీక్షలో మెఱుగుగా నుండిరని తేలినది. కాని వారు పరిశీలించిన పిల్లలు 53 మందియే. ఆటవలన తెలివి వచ్చెనో, తెలివిగలవారే ఆటను కోరిరో యా పరిశీలనచే తెగలేదు. అమ్మువారు పెట్టెలపై వ్రాయు గొప్పలను నమ్మి ధనము పోయకుడు. 2020లో భారత ప్రభుత్వము ప్రకటించిన జాతీయ విద్యావిధానమునందు గణితబోధలో చిక్కులను ఆటలను విరివిగా వాడవలెనని చెప్పబడినది. అది చాలినంత యాధారము.

పిల్లలు సెల్‌ఫోనులో ఆడుచునే యున్నారు గదా, బల్లలేలయని రెండవ ప్రశ్న. ఫోనులోను మంచి చిక్కులు లేకపోలేదు. కాని పిల్లవాడు క్షణము తడబడినంతనే సూచన కావలెనాయని యడుగునవి యనేకము. మేము గోళీ జరిపినపుడు చేసిన తప్పునే యవి గడియగడియకు చేయును. చెక్కబల్ల మౌనముగా నుండును. ఆ మౌనమే దాని గొప్ప.

ఒంటరితనము పిల్లలకు మంచిదా యని మూడవ ప్రశ్న. దినమంతయు నొంటరిగా నుండుమని మేము చెప్పుట లేదు. సాయంకాలము బయలునకు పోయి పదిమందితో పరుగెత్తవలసినదే. కాని దినములో నొక్క గంటయైనను ఎవరును పిలువని, ఎవరును పోల్చని చోటు పిల్లలకు కావలెను. ఈ విషయమున మన యాడుపిల్లల స్థితి మఱియు దయనీయము. బల్లలు వచ్చిన వారములో పదియేండ్ల పిల్ల యొకతె తమ్ముని చంకనెత్తుకొని కిటికీ వెలుపల నిలిచి చూచుచుండెను. లోనికి రమ్మనగా, "తమ్ముడు నిద్రపోయాక వస్తా" ననెను. వాడు నిద్రించువేళకు ఆమెకు కండెలు చుట్టు పని సిద్ధముగా నుండెను. మూడుదినములు గడచిన పిమ్మటగాని యామె బల్లముందు కూర్చుండలేదు. ఆమెకు లేనిది తెలివి కాదు, తీరిక. తల్లులారా! మగపిల్లవాని చదువుకు నిశ్శబ్దము కావలెనని యిల్లంతయు మాట తగ్గించు మనము, ఆడుపిల్లకు ఒక్కగంట చేతులు ఖాళీచేసి యీయలేమా?

ఇంతకును ఈ విద్య మన కులమునకు పరాయిది కాదని చెప్పి ముగింపునకు వచ్చెదము. చీరాలలోను, పుట్టపాకలోను తేలియా రుమాలు నేయు విధమును మీరెఱుగుదురు. నేయకముందే నూలును పట్టీలుగా చాచి, ఎక్కడ ఎఱుపు రావలెనో, ఎక్కడ నలుపో, ఎక్కడ తెలుపు నిలువవలెనో లెక్కించి, ముడులు వేసి, అద్దకము చేయవలెను. పడుగులోని బొట్టును పేకలోని బొట్టును మగ్గముపై కలిసినపుడే పువ్వు పూయును. వస్త్రము పుట్టకముందే వస్త్రమును తుదినుండి మొదటికి చూడగలిగినవాడే ముడి వేయగలడు. గోళీబల్లముందు మన యెనిమిదవ తరగతి బాలుడు చేసిన పని యిదియే. మన తాతలు తప్పిన పోగును చూచి మగ్గము విడిచి పాఱిపోలేదు. పోగును వెనుకకు తీసి, సరిచేసి, మరల నేసిరి. ఆ యోర్పు మన యింటి యాస్తి. దానిని పిల్లలకీయక పతకములు మాత్రమిచ్చుచున్నాము.

కావున సభవారికి నాలుగు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: సంఘపు వసతిగృహములలో నొక చిన్నగది నీ యాటలకు కేటాయింపవలెను. బల్లలు మన యూరి వడ్రంగులచే చేయించుకొనవచ్చును. గోళీలు, మూతలు, పలకలు చాలును. పెద్ద వ్యయము లేదు.

రెండవది: ఆ గదిలో పిల్లవాడు ఆడుచున్న బల్లను పెద్దలెవరును తాకరాదు. అడిగిననాడు కూడ జవాబు చెప్పక, "ఇంతవఱకు ఏమేమి చేసి చూచితివి?" అని మాత్రమడుగవలెను. పందెములు, గడియారము, ర్యాంకులు అక్కడికి రారాదు. ఆ గదిలో దినమున కొక గంట ఆడుపిల్లలకే విడువవలెను.

మూడవది: ఆ గది తలుపు మన కులపు పిల్లలకు మాత్రమేకాక వాడలోని పిల్లలందఱికిని తెఱచియుండవలెను. కులసంఘపు సభలో ఈ మాట యేల యని కొందఱనవచ్చును. గోళీ తన్ను జరుపు చేతి కులమును అడుగదు. 33 గుంటలముందు కూర్చున్న పిల్లలందఱు నొక్కటియే.

నాలుగవది: ర్యాంకు పతకములను మానుడని మేమనము. వానితోపాటు, తప్పిన పరీక్షను మరల వ్రాసి నెగ్గిన విద్యార్థి కొకనికి ఏటేట ఈ వేదికమీదనే బహుమానమీయవలెను. దానికగు మొత్తమును మొదటియేట మేమే సమర్పింతుము.

ఎనిమిదవ తరగతి బాలుడు తుదకు గెలిచెనా యని మీరడుగవచ్చును. మేము తుదిమాఱు చూచినపుడు వానికి రెండు గోళీలు మిగిలియుండెను. వాడు మావైపు చూడలేదు. రెంటిని ఒక నిమిషము చూచి, మూటలోని గోళీలను తీసి, గుంటలలో మరల నొక్కొక్కటిగా పేర్చుకొనసాగెను. ఆనాడు మాకు పదిమంది ర్యాంకులవారిని చూచినంత సంతోషము కలిగినది.

సూరత్తులోని బాలునికి ఇటీవల మేమొక యుత్తరము వ్రాసితిమి. తప్పు మాదియని యొప్పుకొంటిమి. ప్రైవేటుగా నా పరీక్షను మరల వ్రాయదలచినచో రుసుమును పుస్తకములును మేము చూచుకొందుమని తెలిపితిమి. ప్రత్యుత్తరమింకను రాలేదు. ఆవలియొడ్డునకు పోయిన మేకను మరల తెచ్చుకొనుటకు పడవను త్రిప్పవలసినది మేమే గదా! వచ్చినను రాకున్నను, ఆ పడవను త్రిప్పుట మా విధి. ఈ సంఘమును నాతో, మాతో నా పడవలో నెక్కవలెనని ప్రార్థించుచున్నాము.